గోడ ఎక్కిన పూలతీగ

గుంతకల్లులో ఓ గృహప్రవేశం. పాలు పొంగాయి, వ్రతం అయింది, ఓళిగల భోజనాలూ అయ్యాయి. వచ్చిన ఆడవాళ్లు గదులన్నీ చూసుకుంటూ హాల్లో సోఫా వెనక గోడ దగ్గర ఆగారు. అక్కడ వరసగా మూడు ఫ్రేములున్నాయి. ముదురు నీలం మీద ఆకుల తీగలు అల్లుకున్నాయి. వాటి నడుమ ఎర్రటి స్ట్రాబెరీలు, ఆ పండ్లను ముక్కున కరుచుకున్న చుక్కల పిట్టలు.

"ఏం పిట్టక్కా ఇది? మన పక్క యాడా చూడలేదే!"

"ఆన్‌లైన్‌లో తెప్పిచ్చినాం వదినా. బొటానికల్ ప్రింట్లంట. లండన్ డిజైను."

చాప మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తున్న పెద్దావిడ తలెత్తి, కళ్లు చికిలించి చూసింది. "లండన్‌ది యాడిదిమే? మాయమ్మ పెట్టెలో ఇట్లాంటి అద్దకం దుప్పటి ఉండ్య. అంచులో ఇట్లే తీగ, ఇట్లే పిట్ట."

అందరూ నవ్వేశారు. కానీ అవ్వ చెప్పిన దాంట్లో నవ్వాల్సిందేమీ లేదు. ఫ్రేములో ఉన్నది ఇంగ్లండు డిజైనే. దాని పేరు 'స్ట్రాబెరీ థీఫ్', గీసింది విలియం మోరిస్, అచ్చు వేసింది 1883లో. తన తోటలో పండ్లు ఎత్తుకుపోయే పిట్టల్ని చూసి గీశాడు. అయితే నూలుబట్ట మీద ఉతికినా పోని రంగులతో పూలతీగ పాకించవచ్చని ఆయన దేశానికి తెలిసింది అవ్వగారి పుట్టింటి పెట్టెలో ఉన్నటువంటి బట్టలను చూశాకే.

ఇప్పుడు కొత్త ఇల్లు కట్టిన ప్రతివాళ్లకూ గోడ గురించి ఒక ఆలోచన ఉంటోంది. దేవుడి క్యాలెండరు, పెళ్లి ఫొటో ఉన్నచోట ఆకులు, పూలు, తీగల ఫ్రేములు వెలుస్తున్నాయి. అనంతపురం, కర్నూలు, ఆదోని ఎక్కడ చూసినా ఇదే వరస. మంచిదే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని ఈ మెట్టలో మనిషి ఇంట్లోనైనా పచ్చదనం కోరుకోవడం సహజం. కాకపోతే ఆ పచ్చదనం ఎవరి చేతుల మీదుగా వస్తోంది, అందులో మన నేల మొక్క ఒక్కటైనా ఉందా అన్నది అడగాల్సిన సమయం వచ్చింది.

బందరులో ఓడ ఎక్కిన పూలు

మచిలీపట్నం, అదే బందరు, అప్పట్లో గోల్కొండ సుల్తానుల రేవు. ఇంగ్లీషువాళ్లు 1611లో అక్కడ గిడ్డంగి పెట్టుకున్నారు. డచ్చివాళ్లు అంతకు కొన్నేళ్ల ముందే దిగారు. వాళ్లు మొదట వెతికింది మిరియాలు, లవంగాలు. వాటిని తూర్పు దీవుల్లో కొనాలంటే అక్కడివాళ్లు బదులుగా అడిగింది కోరమండల్ తీరపు అద్దకం బట్టలు. కొన్నాళ్లకు ఆ బట్టలే నేరుగా యూరప్ దారి పట్టాయి. పెద్ద చెట్టు, దాని నిండా ఊళ్లో లేని పూలు, కొమ్మ కొమ్మకూ పిట్టలు ఉండే పలంపూర్ దుప్పట్లు అక్కడి ధనవంతుల మంచాల మీద పరుచుకున్నాయి, మంచం చుట్టూ తెరలయ్యాయి, గోడలకు వేలాడాయి. ఇంటి గోడకు తెలుగు తీరం పూలతీగ కట్టుకోవడం పదిహేడో శతాబ్దంలోనే యూరప్‌లో గొప్పవాళ్ల వేడుక.

ఆ వేడుక అక్కడి నేతగాళ్ల కడుపు మీద కొట్టింది. ఫ్రాన్స్ 1686లో అచ్చు బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరో గట్టి చట్టం తెచ్చింది. 1719లోనైతే లండన్ వీధుల్లో నేతగాళ్లు అచ్చు బట్టలు కట్టిన ఆడవాళ్ల వెంటపడి చింపేశారు, సిరా, ద్రావకం పోశారు. ఆడవాళ్ల మీద చేసిన ఆ దౌర్జన్యాన్ని ఎవరూ సమర్థించలేరు. దాని వెనక ఉన్న ఆకలి మాత్రం మనకు తెలిసినదే. తర్వాత నూరేళ్లలో ఆ ఆకలి దిక్కు మార్చుకుంది. రాగి రోలర్ల యంత్రాలు, మాంచెస్టర్ మిల్లులు వచ్చి బందరు, పాలకొల్లు, కాకినాడ అద్దకందారుల పొయ్యిలు ఆర్పేశాయి.

ఆ యంత్రాల సరుకు చూసి మనసు విరిగిన ఇంగ్లీషువాడు మోరిస్. 1834లో పుట్టాడు, కలిగిన కుటుంబం. ఎక్కడ చూసినా ఒకేలాంటి, చెయ్యి తగలని వస్తువులు, వాటిని చేసే కూలీ ముఖంలో కళ లేకపోవడం ఆయన్ని బాధపెట్టాయి. వాడే వస్తువు అందంగా ఉండాలి, చేసేవాడికి ఆ పనిలో ఆనందం ఉండాలి అన్న మాట చుట్టూ ఆయనా, ఆయన మిత్రులూ కదిలిందే ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమం. అప్పటికి రసాయన రంగులు మార్కెట్‌ను ముంచేశాయి. మోరిస్ వాటిని వద్దనుకుని లీక్ ఊళ్లో థామస్ వార్డిల్ అనే అద్దకందారు దగ్గర చేరి నీలిమందు, మంజిష్ఠ తొట్లలో చేతులు ముంచి పని నేర్చుకున్నాడు. వార్డిల్ మన దేశపు పట్టు, రంగుల మీద పనిచేసినవాడు, 1885లో ఇక్కడికి వచ్చి తిరిగినవాడు. 'స్ట్రాబెరీ థీఫ్' బట్టను ముందు పూర్తిగా నీలిమందులో ముంచుతారు. తర్వాత చెక్క అచ్చుతో రంగు తీసే మందు అద్ది, తెల్లబడిన చోట ఎరుపు, పసుపు ఎక్కిస్తారు. మోరిస్ కంపెనీ సరుకుల్లో అది బాగా ఖరీదైనది. ఈరోజు మన ఫ్రేముల్లో ఉన్నదానికి ఆ నీలి తొట్టీ లేదు, ఆ చెక్కా లేదు. కంప్యూటరు ప్రింటరు ఉమ్మిన సిరా ఉంది.

పెడన బల్ల దగ్గర

మచిలీపట్నం పక్కనే పెడన. అక్కడి అద్దకం షెడ్డులో బల్లలు నడుము ఎత్తులో, పొడుగ్గా ఉంటాయి. వాటి మీద గోనెపట్టాలు పొరలుగా పరిచి, మెత్తగా చేసి, పైన బట్ట బిగిస్తారు. అద్దేవాడి పక్కన రంగు తొట్టి. తొట్టిలో వెదురు తడక, దాని మీద కంబళి ముక్క. అచ్చును కంబళి మీద రెండుసార్లు తట్టి, బట్ట మీద ఆన్చి, పిడికిలి అంచుతో వీపు మీద ఒక్క దెబ్బ. మళ్లీ తొట్టి, మళ్లీ బట్ట. అచ్చు మూలన చిన్న గుర్తు ఉంటుంది. రెండో అచ్చును ఆ గుర్తుకు కలిపి దించాలి. వెంట్రుకవాసి జరిగితే ఆకు కొస తెగిపోతుంది.

అచ్చులు టేకువి. చెక్కేవాడు ముందు చెక్కను నున్నగా చేసి, బొమ్మ దింపి, ఉలితో పూరేకుల మధ్య ఖాళీని తవ్వుకుంటూ పోతాడు. ఒక పువ్వుకు ఒక అచ్చుతో అయిపోదు. గీతకు ఒకటి, ఎరుపుకు ఒకటి, నేపథ్యానికి ఇంకొకటి కావాలి. నాలుగు రంగుల తీగ అంటే నాలుగు చెక్కలూ ఒకదాని మీద ఒకటి అచ్చంగా కూర్చోవాలి. తీసిన చెక్కలో తప్పు పడితే దిద్దుకునే దారి లేదు, కొత్త చెక్క తీసుకోవాల్సిందే.

ఇక్కడ చూసేవాళ్లను ఆశ్చర్యపరిచేది ఎరుపు. బల్ల మీద అద్దేటప్పుడు అది ఎరుపు కాదు, పటిక కలిపిన జిగురు. చేయి తిరిగినవాడికి కనబడాలని అందులో కాస్త రంగు కలుపుతారంతే. ఆ పటిక పడిన చోట మాత్రమే తర్వాత కాగులో వేర్ల, చెక్కల రంగు పట్టుకుంటుంది. అంటే అద్దేవాడు రేపు పూయబోయే పువ్వును ఈరోజు ఊహలో చూసుకుంటూ దెబ్బ వేస్తాడు. నలుపు ఇంకో తీరు. ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టిన కసిం బట్ట మీద పడగానే, ముందే బట్టకు పట్టించిన కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. ఆ నలుపు కళ్లముందే ముదురుతుంది.

అద్దకం సరుకు

*కరక్కాయ, పాలు:* బట్టను ముందుగా ఇందులో నానబెడతారు. కరక్కాయ రంగును పట్టి ఉంచుతుంది, పాలలో కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు.

*చిరివేరు:* తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు. కోరమండల్ ఎరుపుకు పేరు తెచ్చింది ఇదే. 1868లో జర్మన్ రసాయనవేత్తలు ఎరుపునిచ్చే అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశాక దీన్ని తవ్వేవాళ్లకు పని పోయింది.

*నీలిమందు:* కడప నీలి మద్రాసు రేవు నుంచి ఓడలెక్కేది. 1897లో కృత్రిమ నీలి బజారుకొచ్చాక రాయలసీమ నీలి తొట్లు ఎండిపోయాయి.

*దానిమ్మ తొక్క:* పసుపుకు. *తుమ్మ జిగురు:* రంగు చిక్కబడడానికి.

నీళ్లుంటేనే రంగు

పటిక అద్దిన బట్టను కొన్నాళ్లు ఆరబెట్టి పారే నీళ్లలో జాడిస్తారు. పారే నీళ్లే కావాలి. నిలవ నీళ్లలో ముంచితే విడిచిన పటిక పక్కన తెల్లటి జాగాలో అంటుకుని, కాగులో వేశాక అక్కడా ఎరుపు మచ్చ తేలుతుంది. పెడనకు కృష్ణా కాలువలు ఉన్నాయి. మోరిస్ కూడా 1881లో మెర్టన్ అబీలో కార్ఖానా పెట్టింది వాండల్ నది ఒడ్డునే, ఆ నీళ్లు చూసే. ప్రపంచంలో ఎక్కడైనా అద్దకం ఊరు అంటే పక్కన ఏరు ఉన్న ఊరే.

మన దగ్గర ఆ లెక్కకు సరిపోయిన ఊరు పామిడి. గుత్తి దాటి అనంతపురం వైపు వెళ్తుంటే పెన్న ఒడ్డున వస్తుంది. రంగరీలు, భావసార క్షత్రియులు అనే పేర్లున్న కుటుంబాలకు అది నెలవు. రంగులు వేయడం, అచ్చులు అద్దడం, బట్టలు కుట్టడం వాళ్ల వంశవృత్తులు. 1891 మద్రాసు జనాభా లెక్కల నివేదిక రంగరీలు దాదాపు అన్ని తెలుగు జిల్లాల్లోనూ ఉన్నారని, మహారాష్ట్ర మూలం వాళ్లదని, ఇంట్లో మరాఠీయే మాట్లాడతారని రాసింది. బట్టల బేరానికి పామిడి పేరు ఇప్పటికీ చెల్లుతోంది. చుట్టుపక్కల పల్లెలవాళ్లు పెళ్లి బట్టలకు అక్కడికే వెళ్తారు. మిషన్ల చప్పుడు వినబడే వీధులున్నాయి. కానీ ఆ బట్ట మిల్లుది, దాని మీద పూలు ఎక్కడో సూరత్ వైపు యంత్రం వేసినవి.

చెక్క అచ్చులు బల్ల దిగడానికి ఒక్క కారణం చెప్పలేం. మిల్లు బట్ట చవక. డబ్బా రంగు చవక. పిల్లలు చదువుకుని రంగు తొట్టి నుంచి బయటపడాలని తల్లిదండ్రులే కోరుకున్నారు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వీటన్నిటికీ తోడు పెన్న. పామిడి వంతెన మీద బస్సు వెళ్లేటప్పుడు కిటికీలోంచి కనబడేది ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. ఎగువన పెనకచర్ల దగ్గర మిడ్ పెన్నార్ జలాశయం ఉంది, దాని నీళ్లకు తాగేవాళ్లూ, చేలకు పెట్టేవాళ్లూ క్యూలో ఉన్నారు. బట్ట జాడించడానికి ఆ క్యూలో చోటు అడగడం ఎవరికైనా ఇబ్బందే. కరువు పంటను, పశువును తీసుకుపోవడం అందరికీ కనబడుతుంది. ఒక ఊరి చేతిపనిని కూడా అది నెమ్మదిగా తీసుకుపోతుందని పామిడి చెబుతుంది.

మద్రాసుకొచ్చిన అమెరికావాడు

మోరిస్ ఉద్యమానికీ మన అద్దకానికీ మధ్య ఒక మనిషి నిలబడి ఉన్నాడు. విలియం హడావే. అమెరికాలో పుట్టి, లండన్‌లో ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ కళాకారుల మధ్య లోహపు పని, నగల పని చేసి, మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌కు సూపరింటెండెంటుగా వచ్చాడు. మద్రాసు ప్రెసిడెన్సీ అద్దకం మీద ఆయన తయారు చేసిన పెద్ద పుస్తకం 'కాటన్ పెయింటింగ్ అండ్ ప్రింటింగ్ ఇన్ ది మద్రాస్ ప్రెసిడెన్సీ' 1917లో ప్రభుత్వ ముద్రణాలయం నుంచి వెలువడింది. బట్టల బొమ్మలు, పద్ధతులు అందులో భద్రంగా ఉన్నాయి. ఇలాంటి పుస్తకాన్ని తెలుగులోకి తెచ్చి జిల్లా గ్రంథాలయాల్లో పెడితే ఎంత బాగుంటుంది!

ఉద్యమం కాగితం మీద కూడా పూలు పూయించింది. జపాన్ పద్ధతిలో చెక్కకు నీటిరంగు పూసి, పల్చటి కాగితం మీద చేత్తో రుద్ది అచ్చు తీయడం నేర్చుకున్న అమెరికా కళాకారిణి ఎడ్నా బోయిస్ హాప్‌కిన్స్ పూలనే తన పనిగా పెట్టుకుంది. ఎడిన్‌బరోలో స్థిరపడ్డ మేబెల్ రాయిడ్స్ భర్తతో కలిసి మన దేశమంతా తిరిగింది, ఇక్కడి మనుషుల్ని, గుళ్లను చెక్క అచ్చుల్లో దింపింది. 1930ల్లో వరసగా పూల బొమ్మలు చేసింది. మంచి చెక్క కొనడానికి డబ్బు చాలక, రొట్టె కోసుకునే చవక పీటల మీద చెక్కేదట. ఇప్పుడు నెట్‌లో 'బొటానికల్ వుడ్‌బ్లాక్' అని వెతికితే వచ్చే ఫ్రేముల్లో సగం ఈ కాలపు బొమ్మలకు నకళ్లే.

మన మొక్కలు కాగితం ఎక్కలేదా అంటే, ఎక్కాయి, అదీ అంతకు ముందే. సామర్లకోటలో ఉన్న ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల్ని గీయించాడు. 1795 నుంచి లండన్‌లో అచ్చయిన ఆయన 'కోరమండల్ తీరపు మొక్కలు' మూడు సంపుటాల్లో 300 బొమ్మలున్నాయి. అవి రాగి రేకు అచ్చులు, చేత్తో రంగులు వేసినవి. చిరివేరు కూడా అందులో ఉంది. తర్వాతి తరంలో రాబర్ట్ వైట్ దగ్గర పనిచేసిన రంగయ్య, గోవిందుల బొమ్మలను ఎడిన్‌బరో వృక్షశాస్త్ర ఉద్యానంలో దాచారు. గోవిందు పనితనానికి మురిసి వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి అతని పేరే పెట్టాడు. అచ్చులో రాక్స్‌బర్గ్ పేరు నిలిచింది, ఆ 300 బొమ్మల వెనక ఉన్న తెలుగు చేతుల్లో చాలావాటికి పేరు మిగల్లేదు.

మెట్ట నేల మొక్కలు

అనంతపురం మనిషికి పూలతీగ అలంకారం కొత్తేమీ కాదు. పదహారో శతాబ్దంలో విరూపణ్ణ కట్టించిన లేపాక్షి వీరభద్రాలయంలో లతామంటపం స్తంభాల మీద తీగలు, పూలు, హంసలు రాతిలో అల్లుకుని ఉన్నాయి. వాటిని చూసి నేతగాళ్లు చీరల అంచుల్లోకి దింపుకున్నారు. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు ఆట చూసేవాళ్లు తగ్గాక అదే తోలు మీద నెమళ్లు, పూలు, తీగలు పొడిచి ఇంటి దీపాలకు తొడుగులు చేశారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇంటి అలంకరణ అనే మార్కెట్ ఒక కళను ఎలా నిలబెట్టగలదో చూడాలంటే నిమ్మలకుంట వెళ్లాలి. పామిడికి ఆ భాగ్యం పట్టలేదు.

మన నేల మొక్కల్ని అద్దకంలోకి దింపాలన్నా, చెక్క అచ్చుకు ప్రతి మొక్కా నప్పదు. ఆకు అంచు స్పష్టంగా ఉండాలి, కొమ్మకు ఒక వంపు ఉండాలి. తంగేడు చూడండి, ఎండకు నేల బీటలు వారినా పసుపు గుత్తులు విడవదు. జిల్లేడు ఆకు దళసరి, దాని పువ్వు చెక్కి పెట్టినట్టే ఉంటుంది. సీతాఫలం కాయ మీద గళ్లు ఉలికి పండగ.

నన్నడిగితే మొదటి అచ్చు వేరుశనగదే కావాలి. ఆకుకు నాలుగే నాలుగు చిట్టి ఆకులు, చీకటి పడితే ముడుచుకుంటాయి. పసుపు పువ్వు పగలు పూసి వాడిపోతుంది. ఆ వాడిన చోటి నుంచి ఊడ బయలుదేరి, నేలలోకి దిగి, మట్టిలో కాయవుతుంది. పువ్వు పైన, కాయ కింద, మధ్యలో ఊడ. ఒకే చెక్కలో నేల పైభాగమూ కిందభాగమూ చూపించగల మొక్క ఇంకొకటి ఈ జిల్లాలో లేదు. ఊడ దిగే వారంలో వాన పడకపోతే నేల గట్టిపడి అది లోపలికి పోదు, పైనే ఎండిపోతుంది. ఆ ఊడ మీద ఎన్ని ఇళ్ల అప్పులు ఆధారపడతాయో రైతును అడగాలి. ఇది కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్కే, కానీ ఇన్ని తరాలు మన కష్టం తిన్నాక మన గోడ మీద చోటుకు దానికి హక్కుంది.

కొనేటప్పుడు, తగిలించేటప్పుడు

*బట్ట తిరగేయండి.* చేతి అద్దకంలో రంగు వెనక్కి దిగుతుంది. పైపై ముద్రలో వెనక పాలిపోయి ఉంటుంది.

*అచ్చుల అతుకు చూడండి.* పక్కపక్కన పడిన రెండు అచ్చుల మధ్య ఎక్కడో చిన్న తేడా ఉంటుంది. అది లోపం అనుకోవద్దు, మనిషి చెయ్యి అక్కడ ఉందనడానికి సాక్ష్యం.

*'కలంకారీ డిజైను' వేరు, కలంకారీ వేరు.* మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీలు రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. శ్రీకాళహస్తిది కలంతో గీసేది, బందరుది చెక్కతో అద్దేది.

*పడమటి కిటికీకి ఎదురుగా వద్దు.* మన ఎండకు ఏ చెట్టు రంగయినా వెలుస్తుంది. దుమ్ము ఎక్కువ కాబట్టి అద్దం వేయించండి, బట్ట అద్దానికి అంటకుండా మధ్యలో అట్ట పట్టీ పెట్టించండి.

అచ్చు గోడకెక్కితే

ఈమధ్య అరిగిపోయిన పాత టేకు అచ్చులే అలంకరణ సామాన్ల దుకాణాల్లో అమ్ముడుపోతున్నాయి. గోడకు తగిలిస్తే నిజంగానే అందంగా ఉంటాయి. అచ్చు గోడ మీదికి వెళ్లిందంటే బల్ల మీద దాని పని అయిపోయిందని లెక్క. కొనేవాళ్లను నేను తప్పుపట్టను. అదే డబ్బుతో ఆ ఇంటివాళ్లు కొత్త అచ్చు ఒకటి చెక్కించి, దాంతో పది మీటర్లు అద్దించుకుంటే చెక్కేవాడికీ, అద్దేవాడికీ, ఉడకబెట్టేవాళ్లకూ కలిపి పని దొరుకుతుంది. పదిళ్లవాళ్లు కలిస్తే మరీ తేలిక.

గుంతకల్లుకు దీంట్లో ప్రత్యేకంగా చేయగల పని ఉంది. ఇది నాలుగు దిక్కుల రైళ్లు కలిసే ఊరు, డివిజన్ కేంద్రం. మీటరు గేజి రోజుల్లో గోవా వైపు నుంచి వచ్చిన దారి ఇక్కడి నుంచే నంద్యాల మీదుగా బెజవాడ, అక్కడి నుంచి బందరు దాకా సాగేది. రాత్రీ పగలూ ప్రయాణికులు బండి మారడానికి గంటల తరబడి కూర్చునే వెయిటింగ్ హాలు గోడలు ఉన్నాయి. స్టేషన్లలో స్థానిక చేతిపనులు అమ్ముకోవడానికి 'ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి' అనే పథకం 2022 నుంచి ఉంది. టేకు పెడనలో దొరుకుతుంది, చెక్కే చేతులూ అక్కడే ఉన్నాయి. కుట్టి, మడిచి, బేరం చేసి అమ్మడం పామిడికి ఎవరూ నేర్పక్కర్లేదు. వేరుశనగ చెట్టును వేరుతో సహా పీకి, తరగతి గదిలో బల్ల మీద పెట్టి, చూసి గీయమంటే గీసే పిల్లలు గుంతకల్లు బడుల్లో బోలెడంతమంది. ఆ గీతల్లో బాగున్నదాన్ని ఎంచి జూన్‌లో పెడన పంపితే, చేలల్లో ఊడలు దిగే నాటికి మొదటి బట్ట కాగులోంచి బయటికి రావచ్చు.